పైకి బేరమాడే మనిషి

మొన్న ఏలూరులో నేను తివాచీ బేరం ఆడుతున్నాను. బేరం మంచి పాకంలో ఉంది. అతను నలభై అన్నాడు, నేను పదహారు అన్నాను. అతను తివాచీ చుట్టించేశాడు, నేను చెప్పుల్లో కాళ్ళు దూర్చి రెండడుగులు వేశాను. వెనకనుంచి పిలిచాడు, వెనక్కి వచ్చాను, తివాచీ మళ్ళీ పరిచారు. ముప్పైకి దిగాడు. ఇంకో చెంబుడు మంచినీళ్ళు తాగేదాకా కూర్చుంటే ఇరవై నాలుక్కి వస్తాడని నాకు తెలుసు, అతనికీ తెలుసు. అంతలో ఆ కొట్టు అరుగు మీద కూర్చున్న ముసలి పడవ సరంగు ఒకడు నా మొహంలోకి చూసి, "తమరు గూడెం పచారీ కొట్టు వారు కదండీ? మన లాకు గుమాస్తాగారు పోయారండి, ఉంగుటూరులో. పది రోజులయింది" అన్నాడు.

నేను ముప్పై రూపాయలూ తీసి అక్కడ పెట్టి, తివాచీ చంకలో పెట్టుకుని బయటికి వచ్చేశాను. కొట్టువాడు కంగారుపడి వీధిలోకి వచ్చి, "ఒంట్లో బాగుందాండీ?" అని అడిగాడు. చెప్పిన ధరకి కొనడం నా జన్మలో అదే మొదలు.

నా జన్మ సంగతి కూడా కొంచెం చెప్పాలి. మా నాన్నది పచారీ కొట్టు. పెదనాన్నది ఇత్తడి సామాన్ల కొట్టు. మేనమామది బట్టల కొట్టు. మా ఇంట్లో చంటిపిల్ల పాలకి ఏడిస్తే మా అమ్మ ఒక్క ఏడుపుకి ఇవ్వదని బజారులో హాస్యమాడేవారు. నా పెళ్ళిలో పురోహితుడి సంభావన దగ్గర నేను పట్టిన పట్టుకి ముహూర్తం దాటిపోయేదే, మా మామగారు మధ్యలో అర్ధరూపాయి వేసి కాపాడారు. అలాంటి నా కళ్ళ ముందు, నా కొట్టులోనే, ధరని కిందికి కాకుండా పైకి బేరమాడే మనిషి ఒకాయన తిరిగాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె రెండు అంగల్లో మెట్లెక్కుతుంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు కూడా. రోడ్ల మీద లారీలు ఇంకా తక్కువగా తిరిగే రోజులవి. ధాన్యం, బెల్లం, కలప, కొబ్బరి అన్నీ ఏలూరు కాలువ మీదే పోయేవి. మా తాడేపల్లిగూడెం దగ్గరి లాకులో పడవ ఆగినప్పుడు సరుకుని బట్టి పన్ను వసూలు చేసి రసీదు రాసివ్వడం ఆయన ఉద్యోగం. పొడుగాటి మనిషి. ఎవరో ఏదో చెబుతుంటే వినడానికి వంగినట్టు, కొంచెం ముందుకి వంగి నడిచేవారు.

మనందరం ధర విన్నాక జేబు తడుముకుంటాం. ఆయన ధర అడక్కముందే గుప్పెడు చిల్లర బయటికి తీసేవారు. ధర చెప్పగానే తల వెనక్కి వేసి, "అంతేనా!" అనేవారు. అది ప్రశ్న కాదు, ఆశ్చర్యం. లోకంలో ఇంత అన్యాయం జరుగుతోందా అన్నంత ఆశ్చర్యం.

"వంకాయలు వీశె మూడణాలండి."

"అంతేనా! ఎక్కణ్ణించి తెచ్చావమ్మా?"

"కామవరపుకోట పక్కనించండి."

"అంత దూరంనుంచి తెచ్చి మూడణాలా? బండి కిరాయి నీకెవరిస్తారు? నాలుగు తీసుకో."

"వద్దండి బాబూ, మూడు చాలండి."

"నువ్వు చాలంటే సరిపోతుందా? నాలుగున్నర."

ఆవిడ వద్దన్నకొద్దీ ఈయన పెంచేవారు! పక్కన నిలబడి చూస్తున్న నాకు, సంగీతం వచ్చినవాడు అపస్వరం విన్నట్టు, పళ్ళు జివ్వుమనేవి. కాని చూడకుండా వెళ్ళిపోవడం కూడా చేతనయ్యేది కాదు.

మా నాన్న జబ్బుపడి మంచం ఎక్కినప్పుడు నేను మొదటిసారి కొట్టులో కూర్చున్నాను. మూడో రోజున ఆయన వచ్చారు, బెల్లం కోసం. వీశె బెల్లం అసలు ధర ఆరణాలు. బేరమాడేవాళ్ళుంటారు కాబట్టి ఎనిమిది చెప్పడం మా ఆచారం. నేను ఎనిమిదన్నాను.

"అంతేనా!" అని ఆయన పదణాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

ఆ పూట నాకు అన్నం సయించలేదు, ఆనందంతో. మళ్ళీ వారం పది చెప్పాను. పన్నెండు ఇచ్చారు. ఆ పైవారం తెగించి పన్నెండన్నాను. పద్నాలుగిచ్చి, "జాగ్రత్తగా చేసుకో అబ్బాయ్, ఇంత తక్కువలో వ్యాపారం నడవదు" అని సలహా కూడా ఇచ్చారు. నేను అద్దంలో చూసుకున్నాను. మా వంశంలో ఇంతటివాడు పుట్టలేదనిపించింది.

నాలుగోవారం ఆయనకి బదులు ఆయన భార్య వచ్చింది. పొట్టిగా, గుండ్రటి మొహంతో, చెంగు నడుముకి బిగించి, తొందర లేని నడక. వచ్చి అరుగు మీద కూర్చుంది.

"నువ్వేనా అబ్బాయ్, కొత్తగా కూచున్నది?"

"అవునండి పిన్నిగారూ."

"మీ నాన్నకెలా ఉంది?"

"ఫరవాలేదండి. లేచి కూచుంటున్నారు."

"తొందరగా లేవమను. ఆయన మంచం మీదుంటే మా ఇంటి సొమ్ము మీ ఇంటికి నడిచొచ్చేస్తోంది."

బుట్టలోంచి మూడు బెల్లం ముక్కలు తీసి నా ముందు వరసగా పెట్టింది.

"ఇది పదణాల బెల్లం. ఇది పన్నెండణాల బెల్లం. ఇది పద్నాలుగణాల బెల్లం. మూడూ రుచి చూసి ఏది ఎక్కువ తియ్యగా ఉందో చెప్పు నాయనా."

కొట్టులో ఇంకో ఇద్దరున్నారు. నా చెవులు కాలిపోయాయి. కాని ఆవిడ గొంతు పెంచలేదు. "అసలు ధర ఆరేసి అణాలు. మూడు వీశెలకి పద్ధెనిమిది. మా ఆయన ఇచ్చింది ముప్పై ఆరు. ఇంకో మూడు వీశెలు తూచు" అంది. తూచాను. తూచేటప్పుడు త్రాసు మీద వేలు పడకుండా చూసుకున్నాను, ఆవిడ నా వేలినే చూస్తోంది కాబట్టి.

తరవాత ఆవిడ మా బజారు రహస్యం చెప్పింది. మా నాన్నకి తెలుసట. కూరలవాళ్ళకీ, పాలవాళ్ళకీ, చింతపండు అమ్మేవాళ్ళకీ, చివరికి కుండలమ్మే ముసలమ్మకీ తెలుసట. నాకొక్కడికే తెలియదు.

"రూపాయి సరుకైతే ఆయనకి పన్నెండణాలు చెప్పు. ఆయన రూపాయి చేస్తారు. నీకు రావలసింది నీకొస్తుంది, ఆయనకి కావలసింది ఆయనకొస్తుంది."

"ఆయనకి కావలసిందేమిటండీ?"

"'అంతేనా' అనడం."

నేను కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి కదా, ఊరుకోలేకపోయాను. "మరి పన్నెండెందుకండీ, ఎనిమిదే చెప్పమనొచ్చు కదా! మీకింకా కలిసొస్తుంది" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నీకు నష్టమొచ్చే ధర నేనెందుకడుగుతాను? సరుక్కి ఓ ధరంటూ ఉంటుంది. ఆయన దానికి పైకి తప్పుతారు, నువ్వు కిందికి తప్పుతావు. నా దృష్టిలో మీరిద్దరూ ఒకటే" అని బెల్లం బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

అప్పటినుంచీ సంతరోజు నాకు పండగే. పొద్దున్నే ఆవిడ ఒకసారి సంతంతా తిరిగి ధరలు వాకబు చేసి, ఎవరికి ఎంత చెప్పాలో అంత చెప్పి ఇంటికి పోయేది. మరో గంటకి ఆయన వచ్చేవారు. సంతలో ఉన్నవాళ్ళందరూ మొహాలు బిగబట్టుకుని తక్కువ ధరలు చెప్పేవారు. ఆయన "అంతేనా! అంతేనా!" అనుకుంటూ, ఊళ్ళో ఒక్కొక్కరినీ ఉద్ధరించుకుంటూ వెళ్ళేవారు. చివరికి లెక్క చూస్తే ఎవరికీ పైసా ఎక్కువ పోలేదు, ఎవరికీ పైసా తక్కువ రాలేదు! నేను బేరానికి గంట కూర్చుంటాను. ఆవిడ బేరం కొనకముందే అయిపోయేది. ఆయనకి ఈ సంగతి తెలుసా లేదా అని నేను చాలాసార్లు ఆయన కళ్ళలోకి చూశాను. అక్కడ చిల్లర లెక్కపెట్టుకోవడం తప్ప ఏమీ కనిపించలేదు.

అయితే ఆవిడ ఏర్పాటు సంతవరకే. కాలువ మీద ఆవిడ మాట చెల్లేది కాదు.

చింతపండు పడవ కోసం నేను లాకు దగ్గరికి వెళ్ళేవాణ్ణి. పన్ను విషయంలో ఆయన ఉక్కుముక్క. పడవవాళ్ళు ఎంత బతిమాలినా, "సర్కారు సొమ్ము. కట్టవలసిందే" అని అణా పైసలతో కట్టించుకుని రసీదు మీద ముద్ర గుద్ది ఇచ్చేవారు. పడవవాడు రసీదు మొలలో దోపుకుని మొహం వేలాడేసుకుని గట్టెక్కేవాడు. అప్పుడు ఈయన కచేరీ గదిలోంచి బయటికి వచ్చి, వాడి వెనకే నాలుగడుగులు నడిచి, అంతకంత సొమ్మూ తన జుబ్బా జేబులోంచి తీసి వాడి చేతిలో పెట్టి వచ్చేవారు!

క్వార్టరు వసారాలోంచి ఆవిడ అడిగేది.

"ఏవండీ, ఇవాళ ఎన్ని పడవలకి కట్టారు?"

"రెండేనే. చిన్నవి."

"ఏలూరు కాలువ మీద తెడ్డెయ్యకుండా పన్ను కట్టేది మనమొక్కళ్ళమే."

"వాడి తెరచాప చూశావా? అన్నీ అతుకులే."

"నా చీర చూశారా?"

కొల్లేటి లంకలవాళ్ళు తుంగచాపలు పడవల్లో వేసుకుని వచ్చేవారు. ఆ చాప కనిపిస్తే ఆయన కొనకుండా ఉండలేరు. ఒకరోజు నేను వెళ్ళేసరికి వసారాలో ఆవిడ చాపలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది. సింహాసనంలా ఉంది.

"చూడు అబ్బాయ్, మేమిద్దరం. చాపలు తొమ్మిది. ఇహ పెళ్ళివారిని పిలవాలి."

"తుంగ కొయ్యడానికి వాళ్ళు మెడలోతు నీళ్ళలో దిగుతారే, తెలుసా?" అన్నారాయన గదిలోంచి.

"తెలుసు. అందుకే మొదటిది కొన్నాం. రెండోదీ కొన్నాం. తొమ్మిదోదానిక్కూడా మెడలోతేనా?"

ఆయన కాసేపు ఆలోచించి, "తొమ్మిదోదానికి నీళ్ళు పెరిగాయటే" అన్నారు.

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే, నాకేసి తిరిగి మెల్లగా అంది: "ఇంకో రెండు నెలల్లో ఉద్యోగం అయిపోతుంది. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఉంగుటూరులో పెరడున్న చిన్న ఇల్లు అద్దెకి మాటాడాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే లాకు మనది. ఆ తరవాత ఈ లాకు తలుపులు మన గిన్నెలో బియ్యం పోస్తాయా?"

"ఇద్దరం ఎంత తింటామే?" అన్నారాయన.

"ఎంత తిన్నా, రోజూ తింటాం కదండీ" అందావిడ.

ఆవిడ నా కొట్టుకి వచ్చింది ఆ వారమే. పదకొండేళ్ళుగా కూడబెట్టింది రెండువందల ఎనభై రూపాయలుందట. పాడిగేదెని కొని ఉంగుటూరులో పాలు పోసుకుని బతకాలని ఆలోచన. వానకి తడవకుండా పాక వెయ్యాలి, బండెడు గడ్డి కొనాలి. దానికి ముప్పై పక్కన పెట్టాలి.

"అంటే గేదెకి రెండొందల యాభై. దాటితే గేదె ఉంటుంది, మేత ఉండదు. నీ బేరం పిచ్చి నాకొక్క పూట అరువియ్యి నాయనా."

ఇన్నేళ్ళ నా విద్యకి దక్కిన బిరుదు అది! నేను పొంగిపోయాను. "మరి గుమాస్తాగారు?" అన్నాను.

"ఆయనకి ఆ రోజు డ్యూటీ ఉంది. సంతలోకి రారు. వచ్చారో, ఆ గేదె ఖరీదుకి ఏనుగొస్తుంది."

పశువుల సంతలో బేరం నోటితో ఆడరు. ఇద్దరూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. వందలు ముందే అనేసుకుంటారు. ఆ పైన పదులన్నీ వేళ్ళతోనే: ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని పదులు. నేను మూడు పడితే ముప్పై ఇస్తానని, వాడు ఆరు చూపిస్తే అరవై కావాలని. కుదిరితే అమ్మేవాడు అరచెయ్యి గట్టిగా పిండుతాడు. పిండాక మాట మారదు. చుట్టూ వందమంది నిలబడినా ధర ఎంతో ఆ ఇద్దరి చేతులకే తెలుస్తుంది. నాకు స్వర్గమంటే తువ్వాలు కిందే.

ఆ ఏడు కొల్లేరు పొంగి లంకల్లో మేత మునిగిపోయింది. చాలామంది పశువుల్ని మా సంతకి తోలుకొచ్చారు. ఆవిడ పొద్దున్నే వచ్చి పది గేదెల పాలు పితికించి చూసి, ఒకదాని దగ్గర ఆగింది. లంకనుంచి వచ్చిన నడివయసు మనిషిది అది. మాటలు తక్కువ. ఎంతసేపూ దాని మెడ నిమురుతూనే ఉన్నాడు.

"ఇది రెండొందల యాభై గేదె. ముగించుకు రా" అని నాకు చెప్పి, ఆవిడ బండి నీడకి వెళ్ళి కూర్చుంది.

"నలభైకి తెస్తాను చూడండి పిన్నిగారూ!"

"యాభై అన్నాను. ఆయన రాకముందే ముగించు."

నేను విన్నానా? తువ్వాలు కప్పాను. రెండొందలు నోటితో అనుకున్నాం. అతను తొమ్మిది వేళ్ళ దగ్గర మొదలెట్టాడు. నేను ఒకటి పట్టాను. అతను చెయ్యి లాక్కోబోయాడు, నేను వదల్లేదు. ఎనిమిది. రెండు. నేను గేదె కొమ్ము కేసి చూసి పెదవి విరిచాను, అతను నా మొహం కేసి చూసి నిట్టూర్చాడు. ఏడు. మూడు. చెమటతో చేతులు జారిపోతున్నాయి. ఆరు. నాలుగు! ఇంకొక్క వేలు. ఐదు దగ్గర కలుస్తామని ఇద్దరికీ తెలుసు. కలిసిపోతే అయిపోయేది. కాని నాకు నలభై కావాలి. ఆవిడ ముందు నెగ్గాలి. అందుకని నాలుగు వేళ్ళు పట్టుకుని ఆకాశంలో కొంగల్ని చూస్తూ నిలబడ్డాను.

"ఇదేనా మన గేదె!"

వెనక్కి తిరిగితే గుమాస్తాగారు. చేతిలో గేదె మెడకి కట్టే కంచుగంట. నిడదవోలు వైపు పడవలు రాలేదట, సెలవు దొరికిందట. గంట ఎంత అని నేనడగలేదు, ఆయనే చెప్పారు: "పన్నెండణాలే అన్నాడయ్యా పాపం, రూపాయిన్నర చేశాను. గేదె ఎంతంటున్నాడు?"

"తువ్వాలు కిందుందండి" అన్నాను నీరసంగా.

"పైకి తియ్యి మరి."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. వేళ్ళ సంగతి చెవిలో చెప్పాను. నేను నాలుగు దగ్గర ఉన్నాననీ చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది.

"అంతేనా!" అని ఆయన నా చెయ్యి బయటికి లాగేసి తన చెయ్యి లోపల పెట్టారు.

నేను లంకమనిషి మొహం చూస్తున్నాను. అతని కనుబొమలు పైకి లేచాయి. తరవాత దవడ బిగిసింది. ఒకసారి గేదెకేసి చూశాడు. కళ్ళు మూసుకుని చెయ్యి పిండేశాడు. గుమాస్తాగారి మొహం మాత్రం దీపావళిలా ఉంది.

బండి నీడలోంచి ఆవిడ ఆ దీపావళిని చూసింది. పరిగెత్తుకొచ్చింది. ఆవిడ పరిగెత్తగా నేను చూడటం అదొక్కసారే.

"ఎంత?" అంది.

"ఎక్కువేం కాదే. రెండొందల అరవై."

మిగిలేది ఇరవై. పాక వేస్తే గడ్డి లేదు, గడ్డి కొంటే పాక లేదు. ఆవిడ నాకేసి ఒక్క చూపు చూసింది. యాభైకి ముగించమన్నానా లేదా అని ఆ చూపు. నేను తువ్వాలు మడత పెట్టుకోవడంలో మునిగిపోయాను. ఆవిడ మూట విప్పి రెండొందల అరవై లంకమనిషి చేతిలో పెట్టింది. అతను ఒక్కో కాగితమే చూసుకుని, నలభై తిరిగి ఆయన చేతిలో పెట్టాడు.

"ఎక్కువొచ్చాయండి."

"ఎక్కువేమిటయ్యా, అరవై కదా!"

"ఇరవయ్యేనండి. రెండొందల ఇరవై. తమరు పట్టింది రెండు వేళ్ళు."

"రెండు కలిపానయ్యా! ఈ అబ్బాయివి నాలుగు, నావి రెండు, మొత్తం ఆరు!"

"తువ్వాలు కింద కలపడం ఉండదండి బాబూ. పట్టిందే ధర. ఈయన నలభైలో ఉన్నారు, తమరొచ్చి ఇరవైకి దిగిపోయారు. ఇంకాసేపు ఆగితే ఎక్కడికి దిగుతారోనని భయమేసి పిండేశానండి."

సంత సంతంతా పగలబడి నవ్వింది. "గుమాస్తాగారా మజాకా! గంటసేపు తెగనిది ఒక్క పట్టుకి కొట్టేశారు!" అని ఎవరో అరిచారు. నా గర్వం అక్కడే గేదె కాళ్ళ కింద పడి నలిగిపోయింది.

ఆయన నవ్వలేదు. నలభై అలాగే చాచి, "తప్పు నాదయ్యా. తీసుకో" అన్నారు.

"పిండిన చెయ్యండి."

"మీ లంకల్లో మేత మునిగిపోయిందట కదా. తీసుకో."

"పైన తీసుకుంటే అది ధర కాదండి, దానం. నేను అమ్ముకోడానికొచ్చాను గాని అడుక్కోడానికి రాలేదండి" అన్నాడతను. కోపంగా అనలేదు. అందుకే ఎవరూ మళ్ళీ నవ్వలేదు.

ఆయన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఇస్తానంటే వద్దనేవాళ్ళని ఆయన చాలామందిని చూశారు. కాని వాళ్ళంతా తీసుకోడానికే వద్దనేవాళ్ళు. ఈ మనిషి నిజంగా వద్దంటున్నాడు. ఆయన భార్యకేసి తిరిగి, "నేను తగ్గించి కొన్నానే. ఇతని దగ్గర" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆవిడ ఆ నలభై ఆయన చేతిలోంచి తీసుకుంది. మూటలో వేసి ముడి బిగించింది. నా లోపలి కొట్టువాడు ఎగిరి గంతేశాడు: రెండొందల యాభై గేదె రెండొందల ఇరవైకి! పాక, గడ్డి, పైన ఇంకో ముప్పై! ఆవిడ గేదె చుట్టూ ఒకసారి తిరిగింది. పొదుగు చూసింది. కొమ్ముల మధ్య చెయ్యి వేసింది. అప్పుడు లంకమనిషిని అడిగింది.

"పలుపు ఎంత?"

మా సంతలో గేదెని అమ్మినా మెడకున్న పలుపు అమ్మినవాడిదే. కొన్నవాడు తన పలుపు తాను తెచ్చుకోవాలి. ఆవిడ తెచ్చుకుంది కూడా. ముందురోజు నా కొట్టులోనే, ఒక అణా తగ్గించి మరీ కొంది. కొత్త పలుపు కొస సంచిలోంచి బయటికి కనిపిస్తోంది. ఆవిడ కాలితో దాన్ని లోపలికి నెట్టడం నేను చూశాను.

"పలుపుకి ధరేంటండి? ఉంచేసుకోండి" అన్నాడతను.

"ఊరికే వద్దు. గేదె బేరం అయింది, పలుపు బేరం కాలేదు. చెప్పు."

"పావలా ఇవ్వండి."

"ముప్పై రూపాయలు."

పక్క బేరాలవాళ్ళు తువ్వాళ్ళ కింద చేతులు అలాగే ఉంచి ఇటు తిరిగారు.

"పావలా పలుపుకి ముప్పయ్యేంటండీ!"

"దాని మెడకి అలవాటైన పలుపు. కొత్తది కడితే బెదురుకుని పాలు చేపదు. పూటకి అరశేరు తగ్గినా, నెల తిరిగేసరికి నష్టం నాకా, నీకా? ముప్పై."

లంకమనిషి ఆవిడకేసి చూశాడు. "అర్ధరూపాయండి" అన్నాడు.

"ముప్పై."

"రూపాయి. అంతకి మించి తీసుకోనండి."

"ముప్పై. అంతకి మించి అణా ఇవ్వను."

రెండొందల ఇరవై, ముప్పై. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. పాకకీ గడ్డికీ ముప్పై, ఎక్కడిదక్కడ! గంటసేపు నేను పట్టుకుని వేలాడిన ఆ ఒక్క వేలుని ఆవిడ ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టేసింది.

అప్పటిదాకా నోరు తెరుచుకుని చూస్తున్న గుమాస్తాగారికి ప్రాణం లేచొచ్చింది. ముందుకి దూకి, "నలభై ఇచ్చెయ్యవే! నలభై!" అని అరిచారు.

ఆవిడ వెనక్కి తిరగను కూడా లేదు.

"మీరు ఊరుకోండి. మీకు బేరం చేతకాదు."

లంకమనిషి ఆ రోజు మొదటిసారి నవ్వాడు. పిండడానికి చెయ్యి చాచి, పరాయి ఆడమనిషి చెయ్యి పట్టకూడదని గుర్తొచ్చి ఆగాడు. పలుపు కొసనే ఒకసారి గట్టిగా పిండి, దాన్ని ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ గేదెని తోలుకుని ఉంగుటూరు రోడ్డు పట్టింది. ఆయన వెనకాల నడుస్తూ, కుడిచేతి వేళ్ళు రెండూ పైకెత్తి, ఇవి ఎవరివా అన్నట్టు చూసుకుంటున్నారు.